తిరుపతిలో కూర్చుని బ్యాట్‌మ్యాన్ చదవాలంటే: విడి సంచికా, పుస్తకమా, యాపా?

మా పిన్ని కొడుకు చిత్తూరులో డిగ్రీ రెండో సంవత్సరం చదువుతున్నాడు. పోయిన నెల ఒకరోజు రాత్రి పదకొండు దాటాక ఫోన్ చేసి, "అన్నా, నెలకి పదిహేను వందలు పక్కన పెట్టుకున్నా. అబ్సల్యూట్ బ్యాట్‌మ్యాన్ నెలనెలా తెప్పించుకుందునా, మార్వెల్ యాప్ తీసుకుందునా? ఏదో ఒకటి తేల్చి చెప్పు" అన్నాడు. "పడుకోరా, పొద్దున చెప్తా" అన్నాను గానీ నాకే నిద్ర పట్టలేదు. పదేళ్ళుగా ఈ ప్రశ్న మీద డబ్బు తగలేస్తున్నవాణ్ణి నేను.

వాడికి చెప్పిందే ఇక్కడ కొంచెం వివరంగా రాస్తున్నాను. నా మాట ముందే చెప్పేస్తాను: మన ఊళ్ళో ఉండి అమెరికా కామిక్స్ విడి సంచికల వెంట పరిగెత్తడం దండగ. ఆరు నెలలు ఆలస్యంగా చదివినా ఫరవాలేదనుకుంటే, అదే డబ్బుతో మూడింతల కథ చదవొచ్చు. దీనికి ఒక్క మినహాయింపు ఉంది, దాని దగ్గరికి తర్వాత వస్తాను.

టెలిగ్రామ్‌లో అన్నీ ఉచితంగా దొరుకుతాయి కదన్నా అని కూడా వాడు అడిగాడు. ఆ సంగతి నన్ను అడగొద్దన్నాను. మిమ్మల్నీ అడగొద్దంటున్నాను.

ఊరించేవి ఏమున్నాయి

సూపర్‌మ్యాన్ 1938లో పుట్టాడు. ఇన్నేళ్ళ చరిత్ర మోసుకొచ్చే కథల్లోకి కొత్తవాళ్ళు ఎక్కడి నుంచి దూరాలో తెలియక తలుపు దగ్గరే నిలబడిపోయేవాళ్ళు. ఆ ఇబ్బందిని పెద్ద కామిక్స్ కంపెనీలు మార్వెల్, డీసీ రెండూ ఒకే రకంగా తీర్చాయి. మార్వెల్ 2024 జనవరిలో కొత్త అల్టిమేట్ స్పైడర్‌మ్యాన్ మొదలుపెట్టింది. అదే ఏడాది అక్టోబరులో డీసీ అబ్సల్యూట్ వరుస తెచ్చింది. రెండూ మొదటి పేజీ నుంచి కొత్త లోకాలే. వెనకటి కథ ఒక్క ముక్క తెలియకపోయినా చదువుకోవచ్చు.

ఇవి చాలవన్నట్టు, ఇరవై ఏళ్ళకి పైగా ఎడమొహం పెడమొహంగా ఉన్న డీసీ, మార్వెల్ 2025లో చేతులు కలిపాయి. సెప్టెంబరులో మార్వెల్ నుంచి, నవంబరులో డీసీ నుంచి డెడ్‌పూల్, బ్యాట్‌మ్యాన్ కలిసిన సంచికలు వచ్చాయి. తర్వాతి జోడీ సూపర్‌మ్యాన్, స్పైడర్‌మ్యాన్. 2026 మార్చిలో డీసీ సంచిక, ఏప్రిల్లో మార్వెల్ సంచిక అని ప్రకటించారు. వీళ్ళిద్దరూ మొట్టమొదట ఒకే పుస్తకంలో కనబడింది 1976లో, అంటే సరిగ్గా యాభై ఏళ్ళు. జూన్లో సూపర్‌గర్ల్ సినిమా, జూలైలో స్పైడర్‌మ్యాన్, డిసెంబరులో అవెంజర్స్ కూడా ఆ ఏడాదికే ప్రకటించారు. చేతిలో డబ్బు నిలవడం కష్టమే.

విడి సంచిక లెక్క

విడి సంచిక అంటే 20, 22 పేజీల కథ, నడుమ రెండు పిన్నులు, అక్కడక్కడా ప్రకటనలు. చదివేవాళ్ళు ఫ్లాపీ అంటారు. అబ్సల్యూట్ బ్యాట్‌మ్యాన్ ఒక సంచిక అమెరికాలో దాదాపు 5 డాలర్లు. డాలరు 90 రూపాయలనుకుంటే అక్కడే 450 అయింది. తెప్పించే కొట్టువాళ్ళ ఖర్చు, లాభం, బెంగళూరు నుంచో ముంబై నుంచో కొరియర్ కలిపితే ఆరు వందలు దాటకుండా నా చేతికి వచ్చిన సంచిక ఒక్కటీ లేదు. మా గాంధీ రోడ్డు కొట్లలో పోటీ పరీక్షల గైడ్లు, పంచాంగాలు, స్తోత్రాలు కావలసినన్ని. సూపర్‌మ్యాన్ కావాలంటే మాత్రం కొరియర్ కుర్రాడి కోసం ఎదురుచూడాల్సిందే. ఇంతా చేసి, అలిపిరిలో బస్సెక్కి మొదలుపెడితే బస్సు కొండ చేరకముందే సంచిక అయిపోతుంది. మిగతా దారంతా కిటికీలోంచి చెట్లు చూసుకోవాలి.

అసలు తలనొప్పి ధర కాదు, ముందస్తు ఆర్డరు. అమెరికా కంపెనీలు రాబోయే సంచికల జాబితాను రెండు మూడు నెలల ముందే విడుదల చేస్తాయి. అమ్మేవాళ్ళు ఆ జాబితా చూసి ఎన్ని కావాలో చెప్పాలి. వాళ్ళు మన దగ్గర ముందే డబ్బు తీసుకుంటారు. కథ ఎలా ఉంటుందో తెలియదు, బొమ్మలు ఎలా ఉంటాయో తెలియదు, డబ్బు మాత్రం కట్టేశాం. నేను ఒకసారి ఒక కొట్టులో ఇలాగే కట్టిన సంచిక నాలుగు నెలలు ఆలస్యమై బ్రహ్మోత్సవాల వారంలో ఇల్లు చేరింది, అదీ ఒక మూల మడతపడి. అప్పటికి ఆ సంచికలన్నీ కలిపిన పుస్తకం రాబోతోందని కంపెనీయే ప్రకటించింది.

ఈ ఆలస్యాల వెనక పెద్ద కథే ఉంది. కామిక్స్ అచ్చు వేసేవాళ్ళు ఒకరు, కొట్లకి చేరవేసేవాళ్ళు ఇంకొకరు. 1990లలో ఈ వ్యాపారం పిచ్చెత్తినట్టు సాగింది. 1991లో ఎక్స్‌మెన్ కొత్త మొదటి సంచిక వేర్వేరు కవర్లతో 80 లక్షల ప్రతులకి పైగా పోయింది. రేపు లక్షలు పలుకుతుందని జనం పెట్టెల్లో దాచుకున్నారు. అందరూ దాచుకున్న వస్తువుకి విలువ ఎక్కడిది? బుడగ పగిలింది. దానికి తోడు 1994 చివర్లో మార్వెల్ ఒక పంపిణీ సంస్థను కొనేసి, నా సరుకు నేనే అమ్ముకుంటానంది. మిగతా పెద్ద కంపెనీలు ఒక్కొక్కటే డైమండ్ అనే సంస్థ నీడకి చేరాయి. మార్వెల్ 1996 డిసెంబరులో దివాలా పిటిషన్ వేసి, మరుసటి ఏడాది అదే డైమండ్ గుమ్మం ఎక్కింది. అక్కడి నుంచి ఇరవై ఏళ్ళకి పైగా ఆ ఒక్క సంస్థదే రాజ్యం.

కరోనా వచ్చాక ఆ కోట బీటలు వారింది. 2020లో కొన్ని వారాలు డైమండ్ సరుకు పంపడం ఆపేసింది. డీసీ అదే ఏడాది బయటికొచ్చి లూనార్ అనే కొత్త సంస్థకి మారింది. 2021 అక్టోబరులో మార్వెల్ పెంగ్విన్ రాండమ్ హౌస్ అనే పుస్తకాల సంస్థకి, 2023లో ఇమేజ్ అనే ఇంకో కామిక్స్ కంపెనీ లూనార్‌కి వెళ్ళిపోయాయి. చివరికి 2025 జనవరిలో డైమండే దివాలా పిటిషన్ వేసింది. దాని గోదాముల్లో చిన్న ప్రచురణకర్తలు అమ్మకానికి ఉంచిన పుస్తకాలు ఎవరివన్న తగాదా కోర్టుదాకా వెళ్ళింది.

అమెరికాలో గోదాము మూతపడితే తిరుపతిలో మనకేమిటి అనొచ్చు. ఒకప్పుడు ఒకే పెట్టెలో వచ్చే సరుకు ఇప్పుడు రెండు మూడు చోట్ల నుంచి రెండు మూడు పెట్టెల్లో రావాలి. ఆ రవాణా ఖర్చు ఎక్కడో ఒకచోట మన బిల్లులోనే తేలుతుంది. చిన్న కంపెనీ కామిక్‌కి ఆరు నెలల సంచికల డబ్బు ఒకేసారి కట్టమని ఎవరైనా అంటే కట్టకండి. డీసీ, మార్వెల్ అయితే భయం తక్కువ.

వేరియంట్ కవర్ల గురించి ఒక్క మాట. లోపల కథ ఒకటే, పైన బొమ్మ వేరు, ధర ఎక్కువ. మన గంగమ్మ జాతరలో ఒకరోజు బైరాగి వేషం, ఇంకోరోజు బండ వేషం, మరో రోజు తోటి వేషం, దొర వేషం. వేషం ఏదైనా లోపలున్న అమ్మ ఒక్కతే. జాతరలో అన్ని వేషాలూ ఉచితంగా చూస్తాం, ఇక్కడ ఒక్కో వేషానికీ డబ్బు కట్టాలి. పెట్టుబడి అనుకుని కొనేవాళ్ళు పైన చెప్పిన 80 లక్షల సంగతి ఇంకోసారి చదవండి.

ఇంతసేపు తిట్టాను కానీ విడి సంచికలో ఒక సుఖం ఉంది. చందమామ సీరియల్ చివర "ఇంకా ఉంది" అని చదివి నెలంతా వేగిపోయిన ఇంట్లో పుట్టాను నేను. మా నాన్న ఇప్పటికీ ఆ ఎదురుచూపుల గురించి చెప్తాడు. అది పుస్తకంలో దొరకదు, యాప్‌లో అసలే దొరకదు. మీతోపాటే చదివి, మీతో వాదించే స్నేహితుడు ఒక్కడైనా ఉంటే, ఒకే ఒక్క కథని నెలనెలా తెప్పించుకోండి. నేను మొదట చెప్పిన మినహాయింపు ఇదే. రెండో కథ మొదలుపెట్టారో, బడ్జెట్ గోవిందా.

కలిపి కుట్టిన పుస్తకం

ఐదారు సంచికలు కలిపి అట్ట వేసిన పుస్తకాన్ని ట్రేడ్ పేపర్‌బ్యాక్ అంటారు. ప్రకటనలు ఉండవు, కథ మధ్యలో తెగదు. అబ్సల్యూట్ బ్యాట్‌మ్యాన్ మొదటి ఆరు సంచికలు విడిగా తెప్పిస్తే నాకు మూడున్నర వేల పైమాటే. అవే ఆరూ ఉన్న పుస్తకం పన్నెండు వందల లోపు దొరికింది. దిగుమతి పుస్తకాల మీద 2019 బడ్జెట్ నుంచి 5 శాతం సుంకం ఉంది. అది కలిసిన ధరే ఇది. ఆన్‌లైన్‌లో ధర వారానికోరకంగా ఉంటుంది, కాబట్టి కావలసినవి జాబితాలో పెట్టుకుని దిగినప్పుడు కొనండి. తొందరేముంది?

ఇంకా తక్కువలో కావాలంటే డీసీ 2024 జూన్ నుంచి కాంపాక్ట్ పేరుతో చిన్న సైజు పుస్తకాలు వేస్తోంది. అమెరికా ధర 10 డాలర్ల లోపే. ఐదున్నర అంగుళాల వెడల్పు, ఎనిమిదిన్నర పొడవు, మామూలు నవల సైజు. కొత్తగా చదివేవాళ్ళకి నేను కళ్ళు మూసుకుని ఇప్పించేవి ఇవే. కళ్ళు తెరిచి చదవాల్సింది మాత్రం వాచ్‌మెన్. ఆ పుస్తకంలో పేజీకి తొమ్మిది గడులు, గడి నిండా మాటలు. చిన్న సైజులో ఆ అక్షరాలు నలభై దాటిన కళ్ళకి పరీక్షే. ఆల్ స్టార్ సూపర్‌మ్యాన్‌కి ఆ ఇబ్బంది లేదు, విశాలంగా గీసిన బొమ్మలు. బ్యాట్‌మ్యాన్ కోర్ట్ ఆఫ్ ఔల్స్ కూడా తీసుకోండి. అబ్సల్యూట్ బ్యాట్‌మ్యాన్ రాస్తున్న స్కాట్ స్నైడరే 2011లో దాన్ని మొదలుపెట్టాడు. అందులో బ్యాట్‌మ్యాన్‌కి మతి తప్పే చోట పేజీలు అడ్డంగా, తలకిందులుగా తిరుగుతాయి, మనమూ పుస్తకాన్ని తిప్పాలి. చేతిలో చిన్న పుస్తకం ఉంటే అది సులువు. మార్వెల్ కూడా 2025లో ప్రీమియర్ కలెక్షన్ పేరుతో ఇదే దారి పట్టింది. ధర 15 డాలర్ల దగ్గర.

ఆమ్నిబస్ అనే వెయ్యి పేజీల ఇటుకలు ఉంటాయి. పడుకుని చదివితే ఛాతీ నొప్పి. మా ఇంట్లో ఉన్న ఒక్కదాన్ని అమ్మ ఆవకాయ జాడీ మీద బరువుగా వాడుతోంది. అంతకంటే చెప్పేదేమీ లేదు.

యాప్ ఎవరికి

మార్వెల్ అన్‌లిమిటెడ్ యాప్‌లో 30 వేలకి పైగా సంచికలు ఉన్నాయి. అమెరికా ధర నెలకి 10 డాలర్ల దగ్గర. కొత్త సంచిక కొట్టుకి వచ్చిన మూడు నెలలకి ఇందులోకి వస్తుంది. విడి సంచిక మనకి చేరేటప్పటికే నెలలు గడిచిపోతున్నప్పుడు ఈ మూడు నెలలు ఒక లెక్కా?

వాడే పద్ధతి తెలియాలి. ఏడాదంతా కట్టి నెలకి రెండు సంచికలు చదివితే యాప్ కంటే పుస్తకమే చవక. పరీక్షలు అయిపోయిన నెలో, సెలవుల నెలో చూసి ఒక్క నెలకి తీసుకోండి. పూర్తయిన కథ ఒకటి పట్టి చివరిదాకా లాగేయండి, తర్వాత రద్దు చేయండి. రిజర్వు బ్యాంకు ఆటో డెబిట్ నిబంధనలు 2021 అక్టోబరు నుంచి గట్టిపడ్డాక విదేశీ చందాలకి కొన్ని కార్డులు మొండికేస్తుంటాయి. రెండో నెల డబ్బు పోలేదని టెన్షన్ పడకండి, మళ్ళీ చేతితో కట్టుకుంటే సరి. డీసీకి కూడా ఇలాంటి యాప్ వేరే ఉంది. కార్డు నంబరు ఇచ్చే ముందు మన దేశానికి ఇస్తున్నారో లేదో చూసుకోండి.

ఫోన్‌లో చదవడం నాకు నచ్చదు. ఒక్కో గడీ పెద్దదవుతూ కదులుతుంది, పేజీ మొత్తం ఎలా పేర్చాడో తెలియదు. పప్పు, అన్నం, నెయ్యి విడివిడిగా మింగినట్టు ఉంటుంది. ట్యాబ్ ఉంటేనే యాప్.

ఇంకో మాట. యాప్‌లో ఉన్నది మనది కాదు. కామిక్సాలజీ అనే యాప్ ఉండేది, డిజిటల్ కామిక్స్ కొనడానికి అంతకంటే మంచిది నేను చూడలేదు. అమెజాన్ దాన్ని 2014లో కొనింది, 2022లో కిండిల్‌లో కలిపే పని మొదలుపెట్టింది, 2023 డిసెంబరులో యాప్ మూసేసింది. కొన్నవి కిండిల్‌లోకి వచ్చాయి గానీ ఆ పాత అమరిక, ఆ సుఖం రాలేదు.

అబ్సల్యూటా, అల్టిమేటా

మా వాడు నిజానికి అడిగింది ఇదే. బ్యాట్‌మ్యాన్ అసలు పేరు బ్రూస్ వేన్. అబ్సల్యూట్ లోకంలో అతనికి భవంతి లేదు, కోట్లు లేవు. నాన్న బడిపంతులు, చనిపోయాడు. అమ్మ బతికే ఉంది. బ్రూస్ నగరానికి ఇంజనీరు పని చేస్తాడు. పాత కథల్లో ఇంటి సేవకుడైన ఆల్ఫ్రెడ్ ఇక్కడ గూఢచారి. ఛాతీ మీద గబ్బిలం గుర్తు ఊడదీస్తే గొడ్డలి అవుతుంది. నిక్ డ్రగోటా బొమ్మల్లో బ్యాట్‌మ్యాన్ లారీ అంత ఉంటాడు, రెండు పేజీలు నిండిపోతాడు. ఈ కథ కాగితం మీదే చదవాలి. ఇదే వరుసలో వండర్ వుమన్ నరకంలో పెరుగుతుంది. కెల్లీ థాంప్సన్ రాసింది, హేడెన్ షెర్మన్ బొమ్మలు. కామిక్స్‌కి ఇచ్చే పేరున్న ఐస్నర్ అవార్డుల్లో 2025లో ఉత్తమ కొత్త సిరీస్ ఇదే. నన్నడిగితే బ్యాట్‌మ్యాన్ కంటే ఒక మెట్టు పైనే. మార్షియన్ మ్యాన్‌హంటర్ ఇంకా విచిత్రం, హావియర్ రోడ్రిగెజ్ రంగులతో కథ చెప్తాడు. దాన్ని ఫోన్‌లో చదివితే పాపం తగులుతుంది.

అల్టిమేట్ స్పైడర్‌మ్యాన్ వేరే రుచి. జోనథన్ హిక్‌మన్ రచన, మార్కో కెకెట్టో బొమ్మలు. ఇక్కడ పీటర్ పార్కర్ ముప్పై దాటాక స్పైడర్‌మ్యాన్ అవుతాడు. పెళ్ళయింది, ఇద్దరు పిల్లలు. పాత కథలో చనిపోయే బెన్ బాబాయి ఇక్కడ బతికే ఉన్నాడు, పోయింది మే పిన్ని. కొట్లాటల కంటే భోజనాల బల్ల దగ్గరి మాటలే ఎక్కువ. మనకి అవే నచ్చుతాయి. బయట నెల గడిస్తే కథలోనూ నెల గడుస్తుంది.

ఈ లోకాన్ని 2026లో ముగిస్తున్నామని మార్వెల్ ప్రకటించినప్పుడు చాలామంది తిట్టుకున్నారు. నేను సంతోషించాను. స్పైడర్‌మ్యాన్ కథ మొత్తం 24 సంచికలే. విడిగా కొంటే అమెరికాలోనే వంద డాలర్ల పైమాట, యాప్‌లో 10 డాలర్లకి ఒక నెలలో చదివేయొచ్చు. ముగింపు ఉన్న కథ మన బడ్జెట్‌కి దేవుడిచ్చిన వరం. అబ్సల్యూట్ ఎక్కడ ఆగుతుందో ఇంకా తెలియదు. అది బాగా అమ్ముడవుతున్నంత కాలం మన జేబు తెరిచే ఉండాలి.

కాబట్టి అల్టిమేట్ యాప్‌లో, అబ్సల్యూట్ పుస్తకంగా. డెడ్‌పూల్, బ్యాట్‌మ్యాన్ జోడీలు ఒక్కసారి చదివి నవ్వుకునే సరుకు, స్నేహితుడి దగ్గర అరువు తెచ్చుకోండి. సినిమాకి ముందు ఏదైనా చదవాలంటే సూపర్‌గర్ల్ వుమన్ ఆఫ్ టుమారో. టామ్ కింగ్ రచన, బిల్కిస్ ఎవ్లీ బొమ్మలు, ఎనిమిది సంచికల్లో ముగిసిన కథ. సినిమాకి ఆధారం అదే. పోస్టర్‌ని అట్ట మీద వేసిన కొత్త ముద్రణ వచ్చేలోపే కొనండి.

ప్రయాణాలు ఇష్టమైతే ఇంకో దారి ఉంది. చిత్తూరు నుంచి నాలుగు గంటల్లో బెంగళూరు. చర్చ్ స్ట్రీట్‌లో బ్లాసమ్ లాంటి పాత పుస్తకాల కొట్లలో మధ్యాహ్నమంతా వెతికితే ఏదో ఒకటి దొరుకుతుంది. 2024 ఫిబ్రవరి నుంచి చెన్నైకీ కామిక్స్ అభిమానుల జాతర, కామిక్ కాన్, వచ్చింది. మాకైతే పొద్దున చెన్నై రైలు ఎక్కితే సరిపోతుంది. టికెట్, తిండి, అక్కడ కొనే బొమ్మలు కలిపితే మాత్రం రెండు నెలల బడ్జెట్ ఒక్క పూటలో మాయం.

కొన్నవి ఎక్కడ పెడతారో కూడా ఇప్పుడే ఆలోచించుకోండి. 2021 నవంబరులో తిరుపతిలో వరద వచ్చినప్పుడు మా అద్దె ఇంట్లోకి మోకాలి లోతు నీళ్ళు వచ్చాయి. కింది అరలో ఉన్న పుస్తకాలు తడిశాయి. కామిక్స్ కాగితం నునుపుగా ఉంటుంది కదా, తడిసి ఆరితే పేజీలన్నీ అంటుకుని చెక్కముక్క అవుతుంది. ఇప్పుడు నా దగ్గర నేల నుంచి మూడడుగుల కింద పుస్తకం ఉండదు. విడి సంచికలు దాచేవాళ్ళు ప్లాస్టిక్ కవర్లో వెనక అట్ట పెట్టి నిలబెట్టండి, ఒకదాని మీద ఒకటి పేర్చకండి. మే నెల ఎండకి మేడ మీద గదిలో పెట్టారంటే గమ్ము కరిగి పుస్తకాల వీపులు ఊడతాయి.

మా వాడు చివరికి నా మాట సగం విన్నాడు. అల్టిమేట్ స్పైడర్‌మ్యాన్ కోసం ఒక నెల యాప్ తీసుకున్నాడు, వండర్ వుమన్ మొదటి పుస్తకం ఆర్డరు పెట్టాడు. మిగిలిన డబ్బుతో నాకు చెప్పకుండా ఒక వేరియంట్ కవర్ కూడా తెప్పించుకున్నాడని వాళ్ళ చెల్లి చెప్పింది. నిన్న రాత్రి పదకొండుకి మళ్ళీ మెసేజ్: "అన్నా, పదకొండో సంచికలో ఉన్నా. ఆ పిల్లలకి ఏమీ కాదు కదా? వద్దు, వద్దు, చెప్పొద్దు."